తాడు కట్టకుండా ఇల్లు చేరాలి

ఒప్పందం చాలా చిన్నది. ఆదివారం మధ్యాహ్నం నా బండి గ్యారేజీలోంచి బయటికి వస్తుంది. ఊరి బయట పల్లె దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. తన చక్రాల మీద తాను ఇల్లు చేరితే మా ఇంట్లోనే ఉంటుంది. దారిలో చతికిలబడి, ఎవరైనా తాడు కట్టి లాక్కొచ్చే గతి పడితే, ఆ సాయంత్రమే, దాన్ని కొంటానని వెంటపడుతున్న క్రోయిడన్ అబ్బాయికి తాళాలు ఇచ్చేయాలి. బండిలో పక్కనే కూర్చుని తీర్పు చెప్పేది మా ఆయన.

ఏడేళ్లలో ఆయన ఆ కారులో కూర్చోవడం అదే మొదటిసారి. అసలు గ్యారేజీలో అడుగు పెట్టడమే గొప్ప. టీ తెచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి, చెయ్యి చాచి కప్పును ఫ్రీజరు మీద పెట్టి, "చల్లారిపోతాది" అని చెప్పి వెళ్లిపోయేవాడు. కారు వైపు చూసేవాడు కాదు. సవతిని చూసినట్టు మొహం తిప్పుకుంటావేమప్పా అని నేను వేళాకోళం చేసేదాన్ని.

మేముండేది ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా అదే పని చేస్తానని మా ఆయన అంటాడు. అననీ. పప్పులో ఉప్పు తక్కువైతే తక్కువైందని చెప్పకుండా ఎట్లా ఉంటాను?

ఇక కారు సంగతి. పాత అమెరికా కారు అది, మజిల్ కార్ అంటారు. పొడుగాటి ముక్కు, పొట్టి తోక, ఆ ముక్కు కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. నేను పుట్టకముందే తయారైంది. ఇక్కడికి దగ్గర్లో ఒక రైతు కొట్టంలో మొదటిసారి చూసినప్పుడు దాని వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టుకుని ఉంది. నేల తుప్పుపట్టి రాలిపోయింది. తలుపు తీస్తే తలుపే చేతికొచ్చింది. అయినా ఆ ముక్కు చూసి నా మతి పోయింది. ట్రైలరు మీద ఇంటికి తెప్పించిన రోజు మా ఆయన బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, "కారు యాడ?" అని అడిగాడు. అది ఆయన ఎదురుగానే ఉంది.

ఆడమనిషికి ఈ పిచ్చి ఏమిటని మన వాళ్ల పార్టీల్లో ఆంటీలు అడుగుతూనే ఉంటారు. అనంతపురంలో మా ఇంటి వెనకే మా నాన్నది లారీ షెడ్డు. అన్నలిద్దరికీ లోపలికి దారి ఉండేది. నాకు కిటికీ ఉండేది. ఏ పానా కింద పడిందో శబ్దాన్ని బట్టి చెప్పేదాన్ని, కానీ ఒక్కనాడూ ఒక్క పానా నా చేతికి ఇవ్వలేదు. "గ్రీజు అంటుకుంటాది, పో లోపలికి" అనేవాడు నాన్న. మనిషి మంచివాడే, కానీ ఆ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. నలభై దాటాక, నా గ్యారేజీ, నా పానాలు, నా గ్రీజు. ఇంక ఎవరి అనుమతి కావాలి?

కానీ మా ఆయన పక్షం కూడా చెప్పాలి. వసంతంలో ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు, పైపు చివర పెట్రోలు కారి వేడి గొట్టం మీద పడింది. భగ్గుమంది. మంటలార్పే సిలిండరు అందుకుని నొక్కేలోపే నా ఎడమ ముంజేయి కాలింది, ఒక కనుబొమ్మ సగం మాయమైంది. అరుపు విని ఆయన తోటపైపు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే మంట ఆరిపోయింది. పైపులో నీళ్లు ఆయన బూట్ల మీదే పడుతున్నాయి, ఆ సంగతి ఆయనకు తెలియడం లేదు. ఆస్పత్రిలో కట్టు కట్టేదాకా నా చెయ్యి కాకుండా నా చొక్కా అంచు పట్టుకుని కూర్చున్నాడు, ఎక్కడ పట్టుకుంటే నొప్పిపుడుతుందోనని.

ఆ తర్వాత అరిచినా బాగుండేది. నేను అరుస్తాను, ఎదుటివాళ్లు తిరిగి అరిస్తే నాకు హాయి. ఆయన అరవడు. వారం రోజులు మజ్జిగన్నం తిని లేచిపోయాడు. ఒక శనివారం పొద్దున సింకు దగ్గర గిన్నెలు తోముతూ, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"నాకు నువ్వు గావాల. ఆ బండి యాడన్నా పోనీ. దాన్ని చూసినప్పుడల్లా నీ చెయ్యే కనపడతాంది."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను మాట్లాడలేను. మర్నాడు మాత్రం ఒక్క అవకాశం ఇమ్మని అడిగాను. ఒక్కసారి రోడ్డు మీద నడిపి చూపిస్తాను, మధ్యలో ఆగిపోతే నీ ఇష్టం, నోరెత్తను అన్నాను. నోరెత్తననే మాట నా నోట వినడం ఆయనకు కొత్త. సరేనన్నాడు. అట్లా పుట్టింది ఆ ఒప్పందం.

క్రోయిడన్ అబ్బాయి హైదరాబాద్ వాడు. పాత కార్లు ప్రదర్శించే మైదానంలో పరిచయమయ్యాడు. నన్ను అక్కా అంటాడు, మా ఆయనను బావా అంటాడు. "ఎప్పుడన్న అమ్మాలనిపిస్తె మొదలు నాకే చెప్పాలె అక్కా" అని మూడేళ్లుగా వెంటపడుతున్నాడు. బండి గెలిస్తే చూసి పోతాడు, ఓడితే తీసుకుపోతాడు అనుకుని, ఆ ఆదివారం సాయంత్రం టీకి రమ్మన్నాడు మా ఆయన. అంత ముందుచూపు అవసరమా అని నేను పళ్లు నూరుకున్నాను.

నేనూ ఊరుకోలేదు. పెట్రోలు పైపులన్నీ పీకి కొత్తవి వేశాను. ఇన్సూరెన్సు చేయించాను. తెలిసిన మెకానిక్‌ను పిలిచి బ్రేకులు, స్టీరింగు చూపించాను. అతను బండి కింద పడుకుని చాలాసేపు వెతికి, లేచి చేతులు తుడుచుకుని, "లవ్లీ" అన్నాడు. ఇక్కడి వాళ్లు ఆ ఒక్క మాటతో సరిపెడతారు. నాకు ఆ రోజంతా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆదివారం వచ్చింది. హాంప్‌షైర్ ఆకాశం కూడా మా మీద దయతలిచి ఎండ కాసింది.

ఇంజన్ నెత్తిన గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ దాంట్లో ఉంటుంది. దాని కిందే కార్బురేటరు, గాలీ పెట్రోలూ కలిసే చోటు. నా కారు కార్బురేటరుకు నాలుగు గొంతులు. మామూలుగా నడిపితే ముందున్న రెండే తెరుచుకుంటాయి. కాలు గట్టిగా తొక్కితేనే వెనక రెండూ నోరు తెరుస్తాయి. బయల్దేరే ముందు చిన్న సర్దుబాటు కోసం నేను డబ్బా తీసి పక్కన పెట్టాను. దాన్ని బిగించే చెవుల నట్టు ఎక్కడికో దొర్లిపోయింది. బల్ల కింద దూరి దాన్ని వెతుకుతున్నాను.

అప్పుడు వచ్చాడు మా ఆయన. పట్టుపంచె, పైన ఫ్లీసు జాకెట్టు, చేతిలో ఇత్తడి పళ్లెం. పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అరటిపళ్లు, అగరొత్తులు, సూపర్‌మార్కెట్ నిమ్మకాయలు, గిన్నె నిండా అక్షింతలు. పెళ్లికి సరిపడేన్ని కలిపాడు.

"అగ్గిపుల్ల గీస్తే ఊరుకోను," అన్నాను బల్ల కిందినుంచి. "పెట్రోలు ఉండాది ఈడ."

"తెలుసులే. ఊరికే తిప్పుతా."

వెలిగించని అగరొత్తులు బండి చుట్టూ తిప్పాడు. బానెట్టుకు బొట్టు పెట్టాడు. కొబ్బరికాయ బయట మెట్టు మీద కొట్టి చిప్పలు పళ్లెంలో పెట్టుకున్నాడు. ఇదంతా మా పాప గుమ్మంలో నిలబడి ఫోనులో తీస్తోంది. దానికి పదహారేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే వస్తుంది, అది కూడా టీవీ వార్తలు చదివేవాళ్ల యాసలో.

"మమ్, డాడ్ ఈజ్ త్రోయింగ్ రైస్ ఎట్ ది ఇంజన్!"

"వేయనీలేమ్మా," అన్నాను. నట్టు అప్పుడే దొరికింది, ఆ సంతోషంలో ఉన్నాను.

లేచి చూస్తే ఇంజన్ నిండా పచ్చటి బియ్యం. మా ఆయన కళ్లు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు. కళ్లు తెరిచి, గిన్నెలో మిగిలినవాటిలో ఇంకో గుప్పెడు తీయబోయాడు.

"చాలప్పా! ఇది ఇంజనా, పెండ్లికూతురా?"

"ముఖ్యమైంది ఇదే అంటివి గదా. అందుకే దీనికే ఎక్కువ వేసినా."

చిరాకుపడుతూ పైపైన దులిపాను. డబ్బా ఎత్తి పెట్టాను, చెవుల నట్టు బిగించాను, బానెట్టు దించాను. ఊరందరి తప్పులూ పట్టుకునే మనిషిని, ఆ నాలుగు గొంతుల్లోకి ఒక్కసారి తొంగి చూడలేదు.

నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. బండి ఎక్కబోతూ పళ్లెం కూడా తెచ్చుకున్నాడు. అదెందుకు అంటే, ఇల్లు చేరేదాకా కింద పెట్టకూడదన్నాడు. అట్లా ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఆయనకూ తెలియదని నా అనుమానం.

తాళం తిప్పాను. ఇంజన్ ఒకసారి దగ్గి, గుడుగుడుమంటూ అందుకుంది. ఎదురింటి కిటికీ తెర కదిలింది. క్లచ్ వదిలాను. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు కూడా వినిపించలేదు, ఆ ఇంజన్ రొదలో. ఏడేళ్లుగా ఒక్క అంగుళం కదలని బండి వీధిలోకి వచ్చింది. నేను గట్టిగా అరిచాను. సంతోషానికీ అరుస్తాను నేను.

ఇప్పుడొక చిక్కు చెప్పాలి. అమెరికా బండి గనుక స్టీరింగు ఎడమవైపు. అంటే ఈ దేశంలో డ్రైవరు కూర్చునే చోట మా ఆయన కూర్చున్నాడు, ఒళ్లో ఇత్తడి పళ్లెం, రెండు చేతులూ దాని మీదే. మా ఊరినిండా రౌండబౌట్లు, అంటే గుండ్రటి కూడళ్లు, ఒకటి దాటితే ఇంకోటి. రౌండబౌటు దగ్గర కుడివైపు నుంచి వచ్చే బండ్లను చూసుకుని పోవాలి. నా కుడివైపు మా ఆయన, ఆయన భుజం, ఆయన ఫ్లీసు జాకెట్టు. నాకు ఏమీ కనిపించదు. ఆయన చూసి చెబితేనే నేను కదలాలి.

"పోవచ్చునా?"

"ఆగు. ఒగాయన వస్తాండాడు."

"ఎంత దూరంలో?"

"దూరమే. అయినా ఆగు."

ఆ ఒగాయన వచ్చి, పోయి, ఆయన తర్వాత ఒక బస్సు పోయి, సైకిలు మీద ఒక ముసలామె కూడా పోయింది. వెనక హారన్లు మోగుతున్నాయి. ఒక వ్యాను డ్రైవరు మా పక్కకు వచ్చి తిట్టడానికి అద్దం దించాడు. స్టీరింగు ఉండాల్సిన చోట కొబ్బరిచిప్పలు పట్టుకుని కూర్చున్న మనిషిని చూసి, తిట్టు మింగేసి, అద్దం ఎత్తుకున్నాడు. మా ఆయన మర్యాదగా తల వంచి ఆయనకు నమస్కారం పెట్టాడు. నాకు నవ్వాగలేదు. ప్రతి రౌండబౌటు దగ్గరా ఇదే వరస. ఆ వేగానికి నడిచి వెళ్లినా ముందే చేరేవాళ్లం.

ఊరు దాటాక దారి ఖాళీ అయింది. బండి ఎంత హాయిగా పోతోందో చెప్పలేను. స్టీరింగు బరువుగా ఉంది, సీటు కింద స్ప్రింగు ఒకటి గుచ్చుతోంది, పెట్రోలు వాసన కొంచెం లోపలికి వస్తోంది. అన్నీ నేను బిగించినవే, అన్నీ నాకు తెలిసిన చప్పుళ్లే. పల్లెలో చర్చి ముందు వెనక్కి తిప్పాను. మా ఆయన చర్చికి కూడా దండం పెట్టుకున్నాడు.

"సగం అయిపోయింది," అన్నాను.

"సగం ఉండాది," అన్నాడు.

ఇంటిదారిలో రెండు వరసల పెద్ద రోడ్డు వస్తుంది. తిన్నగా, ముందూ వెనకా ఎవరూ లేకుండా కనిపించింది. నా మనసు ఆగలేదు.

"ఒక్కసారి తొక్కుతాను. ఒక్కసారే."

ఆయన పళ్లెం గట్టిగా పట్టుకున్నాడు. "ఊ," అన్నాడు.

తొక్కాను. అమ్మో! వెనక నుంచి ఎవరో వీపు పట్టి తోసినట్టు బండి ముందుకు దూకింది. వెనక రెండు గొంతులూ తెరుచుకున్నాయి, ఎనిమిది సిలిండర్లూ ఒక్కటై అరిచాయి, నేను కూడా నవ్వుతూ అరిచాను. పళ్లెంలోంచి అరటిపండు లేచి ఆయన జాకెట్టు మీద పడింది. కిటికీ దగ్గర నిలబడ్డ ఆ పిల్ల ఇన్నాళ్లకు షెడ్డులోకి వచ్చేసింది అనిపించింది.

కాలు తీశాను. బండి తగ్గలేదు.

పెడలు పైకి వచ్చింది, కానీ ఇంజన్ అట్లాగే అరుస్తోంది. ఇంకోసారి తొక్కి వదిలాను, లాభం లేదు. ముందు ఒక లారీ కనిపించింది. క్లచ్ తొక్కాను. చక్రాలతో సంబంధం తెగిపోయి ఇంజన్ ఇంకా పైకి గీపెట్టింది, ఇంకో క్షణం ఉంచితే పగిలిపోయేలా. తాళం వెనక్కి తిప్పాను. ఒక్కసారిగా నిశ్శబ్దం. టైర్ల చప్పుడే మిగిలింది. ఎడమవైపు రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే చోటు ఉంది. బ్రేకు మెల్లగా వేస్తూ, ఇంజన్ ఆగడంతో రాయిలా బిగుసుకుపోయిన స్టీరింగును రెండు చేతులా తిప్పుతూ దాంట్లోకి దొర్లించాను. ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగాను.

"దెబ్బేమన్నా తగిలిందా?" అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. పళ్లెం అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

అప్పుడు దిగి అరవడం మొదలుపెట్టాను. బండిని తిట్టాను, పెడలును తిట్టాను, అక్కడ ఏ పాపమూ తెలియని చెత్తబుట్టను కూడా తిట్టాను. బానెట్టు ఎత్తి వెతికాను. పెడలు నుంచి వచ్చే తీగ బాగుంది. వెనక్కి లాగే స్ప్రింగు బాగుంది. కార్బురేటరు మీట మాత్రం సగంలో ఇరుక్కుంది, వేలితో నెట్టినా రాదు. లోపల ఏదో విరిగి ఉంటుంది అనుకున్నాను. లోపల విరిగితే రోడ్డు పక్కన బాగు చేయలేను. బండి పోయినట్టే.

మా ఆయన పాపకు ఫోను చేసి, కొంచెం ఆలస్యమవుతుందని, కంగారు పడొద్దని చెప్పాడు. ఎక్కడున్నామో కూడా చెప్పాడు. క్రోయిడన్ అబ్బాయి అప్పటికే మా ఇంటికి వచ్చి టీ తాగుతున్నాడట. పాప ఫోను పెట్టేసరికి అతను కప్పు కింద పెట్టి బయల్దేరాడట. కాసేపట్లో తన పెద్ద జీపులో మా వెనక వచ్చి ఆగాడు. దిగుతూనే వెనక తలుపు తీసి, లావాటి పసుపుపచ్చ తాడు ఒకటి బయటికి లాగాడు.

"ఏం ఫికర్ చేయకండి అక్కా. తాడు తెచ్చిన. మెల్లగ గుంజుకపోదాం." మొహంలో జాలి చూపిస్తున్నాడు, కళ్లలో మాత్రం పండగ. పాపం, అతన్ని అని లాభం లేదు. అతని చోట నేనున్నా అట్లాగే ఉంటాను.

నేను నోరెత్తలేదు. మాటిచ్చాను కదా. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాను. అతను తాడు కొక్కెం పట్టుకుని నా కారు ముందు వంగి, ఎక్కడ తగిలించాలా అని చూస్తున్నాడు.

"తాడు వద్దు తమ్ముడూ," అన్నాడు మా ఆయన.

నేను తప్పు విన్నాననుకున్నాను.

"మరి బండి ఎట్ల వస్తది బావా?"

"అదే రావాల. తాడు గట్టినామంటే లెక్క వేరే అయితాది." తర్వాత నా వైపు తిరిగాడు. "రొంత నిదానంగా చూడు. ఇంగా పొద్దుండాది."

"నీకేమైందప్పా?" అన్నాను. "పోవాలనే కదా నువ్వు కోరుకున్నావు. ఇంకా ఏంటికి?"

ఆయన పళ్లెంలో కొబ్బరిచిప్ప సర్దాడు.

"ఇంట్లో స్పూను కింద పడితే అరుస్తావు," అన్నాడు. "ఇందాక ఇంజను అట్ల గీపెడతాంటే ఒక్క అరుపు అరవలేదు నువ్వు. తాళం తిప్పినావు, పక్కకు తెచ్చినావు, నాకు దెబ్బ తగిలిందా అని అడిగినావు. నేను నీ మొహమే చూస్తాంటి. ఇన్ని దినాలు ఆ బండి నిన్ను ఏం చేస్తాదో అని భయపడినా. నీ చేతిలో అది ఉన్నంతసేపు ఏం చేయలేదు. అంతకుముందు నవ్వినావు చూడు, ఆ నవ్వు నేను యాడా చూడలేదే. మన పెండ్లిలో గూడ చూడలేదు. దాన్ని తాడు గట్టి నేనెట్ల పంపేది?"

నాకు కళ్లు నిండిపోయాయి. గ్రీజు చేత్తో తుడుచుకుంటే కళ్లు మండి ఇంకా కారాయి. క్రోయిడన్ అబ్బాయి మంచివాడు, తాడు చుట్టుకుంటూ అటు తిరిగి లారీలు చూస్తున్నట్టు నటించాడు.

ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద చెయ్యి వేశాను. అంతవరకు దాన్ని తెరవలేదు. మధ్యాహ్నం నా చేతులతో నేనే బిగించానుగా, అక్కడ తప్పేముంటుందని! చెవుల నట్టు విప్పి, డబ్బా ఎత్తి, గొంతుల్లోకి ఫోను లైటు వేశాను.

వెనక గొంతు అడుగున, తలుపు రేకుకూ గోడకూ మధ్య, ఒక బియ్యపు గింజ నిలువుగా ఇరుక్కుని ఉంది. పచ్చగా మెరుస్తోంది. పక్కన దాని చుట్టాలు ఇంకొన్ని.

"ఇదిగో, రా. వచ్చి చూడు," అన్నాను.

ఆయన వంగి చూశాడు. చూసి, మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. ముందు గొంతులు రెండింటికీ పైన వేరే మూత ఉంది గనుక వాటిలో ఏమీ పడలేదు, వెనక గొంతుల్లో పడ్డ గింజలు మూసి ఉన్న తలుపు రేకు మీద హాయిగా కూర్చుని ఊరంతా తిరిగాయి. నేను కాలు తొక్కగానే ఆ తలుపు తెరుచుకుంది, అవి జారాయి, మూసుకోబోయే తలుపుకు ఒకటి అడ్డంపడింది. అదంతా నేను చెబుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నేను వేసినవేనా?"

"కాదు, పై నుంచి దేవుడు వేసినాడు!"

క్రోయిడన్ అబ్బాయి ముందు నవ్వాడు. తర్వాత నేను. పొట్ట పట్టుకుని ఆ చెత్తబుట్ట మీదికి ఒరిగిపోయాను. మా ఆయన కాసేపు బిగపట్టుకుని, చివరికి పళ్లెం ఎగిరేలా నవ్వాడు.

"పాప చెప్పనే చెప్పింది," అన్నాను. "ఇద్దరమూ వినలేదు."

తీయడం ఎట్లా? నా దగ్గర అయస్కాంతం పుల్ల ఉంది, ఎక్కడ పడ్డ నట్టునైనా తీస్తుంది. బియ్యానికి అది ఏం చేస్తుంది? వేలు పట్టదు. గట్టిగా కదిపితే గింజలు ఇంజన్ లోపలికే పోతాయి. మా ఆయన ఆలోచించి, పళ్లెంలోంచి వెలిగించని అగరొత్తు ఒకటి తీశాడు. దాని కర్ర కొసకు నలిగిన అరటిపండు కొంచెం అంటించాడు. అబ్బాయి లైటు పట్టుకున్నాడు. ఆయన ఊపిరి బిగపట్టి, అరటిపండు కొసను గింజకు తాకించి, పైకి తీశాడు. వచ్చింది. తలుపు టక్కుమని మూసుకుంది.

ఆ తర్వాత ఒక్కొక్క గింజే. ఆయన తీస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. ఏడేళ్లు గుమ్మం దాటని మనిషి నా ఇంజన్ మీద బోర్లా పడి, మోచేతుల దాకా గ్రీజుతో, నాలుక కొంచెం బయటపెట్టి పని చేస్తున్నాడు. పట్టుపంచె అంచు నల్లబడిపోయింది. చెప్పలేదు నేను. చెబితే లేస్తాడని భయం.

గొంతులన్నీ రెండుసార్లు వెతికి, మీట పదేపదే కదిపి చూసి, డబ్బా బిగించాను. తాళం తిప్పాను. గుడుగుడు మొదలైంది. కాలు తొక్కాను, వదిలాను. వెంటనే తగ్గింది. ఇంకోసారి. తగ్గింది.

క్రోయిడన్ అబ్బాయి వెనక వస్తుంటే మేము మెల్లగా బయల్దేరాం. మళ్లీ రౌండబౌట్లు మొదలయ్యాయి. మొదటిదాని దగ్గర ఆపి, అలవాటుగా నిట్టూర్చి, "పోవచ్చునా?" అని అడిగాను.

"పో."

"ఎవరూ రావడం లేదా?"

"ఒగాయన వస్తాండాడు. దూరంగా. నువ్వు పో!"

పోయాను. తర్వాతిదాని దగ్గరా అంతే. "పో, పో, పో" అంటూ పళ్లెం మీద దరువు వేస్తున్నాడు. ఒకచోట నేనే భయపడి బ్రేకు వేశాను.

ఇంటి ముందు బండి ఆపేసరికి పాప మెట్టు మీద నిలబడి ఉంది.

"డిడ్ ఇట్ బ్రేక్?"

"లేదమ్మా," అన్నాడు వాళ్ల నాన్న. "బియ్యం తినింది."

"ఐ టోల్డ్ యూ!" అని పాప మా ఇద్దరినీ చూసి నెత్తి కొట్టుకుంది. ఆ కొట్టుకోవడం మాత్రం అచ్చం అనంతపురం.

క్రోయిడన్ అబ్బాయి జీపు దిగి వచ్చాడు. ఒప్పందం అతనికీ తెలుసు. అయినా మా ఆయన అతని దగ్గరకు వెళ్లి చెప్పాడు.

"తమ్ముడూ, బండి ఇల్లు చేరింది. దాని కాళ్ల మీద అదే చేరింది."

"చూసిన బావా. కండ్లార చూసిన," అన్నాడు అతను. మొహం చిన్నబోయింది, కానీ నవ్వాడు. "పోనీ, ఒక్క రౌండన్న తిప్పుతరా నన్ను?"

"మీ అక్క తిప్పుతాది. కుడిపక్క కూర్చుని నువ్వే చూసి చెప్పాల. జాగ్రత్తగా చెప్పు."

అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. నేను సీట్లోంచి దిగి నడుము సాగదీసుకున్నాను. మా ఆయన మాత్రం పళ్లెం ఇంకా కింద పెట్టలేదు. అక్షింతల గిన్నెలో మిగిలినవి చేత్తో కలియబెడుతూ నా ముందుకు వచ్చాడు.

"డబ్బాకు మూతేసినావా?"

"వేసినా."

"బానెట్టు?"

"వేసినా నాయనా."

చేతికి గ్రీజు ఉందని కూడా చూసుకోకుండా, గిన్నెలో ఉన్న అక్షింతలన్నీ గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఈసారి బండి వైపు తిరగలేదు. అన్నీ నా నెత్తిన వేశాడు. కొన్ని గింజలు జడలో ఇరుక్కున్నాయి, కొన్ని మెడ మీదుగా వీపులోకి జారాయి. దులుపుకోలేదు నేను.